నీటిలో గోంగూర

మైపాడు తీరమున కాపురముండు నాకు చలి యనిన నేమో తెలియదు. మా పెరటిలోని యుప్పునేలలో ఆకుకూరలు సరిగా పెరుగవు గాని, చలికి చచ్చిన మొక్కను నేనెన్నడును చూడలేదు. అట్టి నేను టొరాంటో నగరమున నున్న మా అమ్మాయికి చలికాలపు సేద్యము బోధింప బూనితిని.

వివాహమై పోయిన పిదప ఆమెకది మొదటి శీతకాలము. వీధినిండ మంచు, పగలెల్ల పలుకరించువారు లేరు. మట్టి లేకుండ, పోషక లవణములు కలిపిన నీటిలో మొక్కలను పెంచు పద్ధతికి హైడ్రోపోనిక్సు అని పేరు. కాలిఫోర్నియాలో గెరికీ పండితుడు 1937లో ఈ పేరును ప్రచారమునకు తెచ్చెను. అమ్మాయి దానిని నేర్చి, విద్యుద్దీపము క్రింద ఐదు గోంగూర మొక్కలను పెంచుచుండెను.

ఒకనాడు టెలిఫోనులో, "అమ్మా! ఆకులు పసుపెక్కినవి. ఇవియు నావలెనే యిచ్చట బ్రతుకలేవేమో" అని కంటతడి పెట్టినది. నేను తొందరపడి, "వేడినీళ్లు పోయుమమ్మా" అంటిని. మరునాటికి రెండు మొక్కలు వాడిపోయినవి.

ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. మా పుట్టినింట మొలగొలుకుల విత్తనమును మండెకట్టుట జ్ఞప్తికి వచ్చెను. నానిన వడ్లను గోనెసంచిలో కట్టి గడ్డి కప్పుదురు. బయటినుండి వేడి తేరు. గింజలో పుట్టిన వేడినే పోకుండ కాతురు. అది మితిమీరిన మొలక చెడునని నీళ్లు చల్లుదురు.

మరునాడు విచారింపగా, తొట్టి రాతినేలపై, కిటికీ యద్దము చెంత నున్నదని తేలెను. గదిలో గాలి వెచ్చనే. నీరు మాత్రము 13 డిగ్రీలు! వేరు చల్లబడినచో నీటిని, పోషకములను చక్కగా పీల్చజాలదు. తొట్టిని కిటికీకి దూరముగా చెక్కపీటపై కెత్తి, చుట్టును కంబళి చుట్టి, ఉష్ణమాపకముతో చూచుకొనుచు నీటిని 22 డిగ్రీల చెంత నిలుపుమంటిని. మిక్కిలి వేడెక్కిన నీటిలో ప్రాణవాయువు తగ్గి వేళ్లు కుళ్లును. మన రోహిణికార్తెలో ఈ సేద్యము చేయువారికి అదియే బాధ.

మూడు వారములకు మిగిలిన మూడును చిగిర్చినవి. పచ్చడి పిడికెడే యయ్యెనట. అయినను ఎదురింటి వృద్ధురాలిని భోజనమునకు పిలిచితినని అమ్మాయి నవ్వుచు చెప్పినది.

దూరముననున్న బిడ్డకు నేను వేడిని పంపజాలను. ఉన్న వేడిని కాచుకొను విధము మాత్రము చెప్పగలను.