అందని చోటి తీగ

కంటికి కనిపించే లోపాన్ని సరిదిద్దడానికి నేర్పు చాలు. కనిపించని లోపాన్ని వెదకి పట్టుకోవడానికి నేర్పుతో పాటు నిజాయితీ కూడా కావాలి. ఈ సత్యాన్ని నాకు బోధించినది ఏ ఉద్గ్రంథమూ కాదు. ఒక పాత కారులోని సన్నని ఉక్కు తీగ.

ఉన్నత విద్యకై బర్మింగ్‌హాం వెళ్ళిన ఏడు, అక్కడ చిరకాలంగా స్థిరపడిన మా చిన్నాన్న ఇంట్లో ఉన్నాను. ఆయనకు 1972లో తయారైన ఎం.జి.బి. స్పోర్ట్స్ కారు ఉంది. 1962 నుండి 1980 వరకు ఇంగ్లండులోని అబింగ్‌డన్ పట్టణంలో ఈ కోవకు చెందిన కార్లు ఐదు లక్షలకు పైగా తయారైనాయి. 1798 సి.సి. ఇంజను గల ఆ కారంటే చిన్నాన్నకు ప్రాణం. కాని కీళ్ళ నొప్పులతో ఆయన వ్రేళ్ళు బిగుసుకుపోవడం వల్ల మరమ్మతుల భారం నాపై పడింది.

ఒక శనివారం ఆయన, “యాక్సిలరేటరు పట్టినట్లుంటున్నది. కేబులు ఒకసారి చూడు నాయనా” అన్నారు.

సైకిలు బ్రేకు వైరు ఎలాంటిదో ఇదీ అలాంటిదే. సన్నని ఉక్కు పోగులు పేనిన తీగ ఒక తొడుగులో కదులుతుంది. కాలితో పెడలు నొక్కితే ఆ తీగ లాగబడి, రెండు కార్బురేటర్లలోని పలకలు తెరచుకుంటాయి. కాలు తీస్తే స్ప్రింగులు వాటిని మూసివేస్తాయి. తీగకు ఒక కొస బానెట్టు ఎత్తగానే కనిపిస్తుంది. రెండవ కొస మాత్రం డాష్‌బోర్డు అడుగున, పెడలు మీటకు పైన, చీకటిలో దాగి ఉంటుంది. దానిని చూడాలంటే కాళ్ళు సీటు పైకి చాచి, తల పెడళ్ళ మధ్యకు దూర్చి వెల్లకిల పడుకోవలసిందే.

నేను మొదటి కొస చూశాను. నిగనిగలాడుతున్నది. నాలుగు చుక్కల నూనె వేసి, “బాగానే ఉంది చిన్నాన్నా” అన్నాను.

“రెండు కొసలూ చూశావా?”

“చూశాను.”

“నీవు చూశావంటే చాలు. రేపు మీ చిన్నమ్మను తీసుకొని అలా ఊరి బయటికి వెళ్ళివస్తాను.”

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆయన గద్దించి అడిగి ఉంటే నా అబద్ధం నన్నింతగా బాధించేది కాదేమో. తెల్లవారకముందే లేచి, టార్చి తీసుకొని కారులోకి దూరాను. మెడ విరుచుకుపోతుండగా వెలుగును పైకి త్రిప్పి చూద్దును గదా, మీటలో ఇమిడి ఉండే చిన్న గుండు దగ్గర సగానికి పైగా పోగులు తెగి గడ్డిపరకల వలె విచ్చుకొని ఉన్నాయి. ఒకే చోట మాటిమాటికి వంగితే లోహం కూడా అలసిపోతుంది. తీగ పూర్తిగా తెగితే స్ప్రింగులు పలకలను మూస్తాయి. బండి వేగం తగ్గి ఆగిపోతుంది. తెగిన పోగు తొడుగులో ఇరుక్కుంటేనే ప్రమాదం. కాలు తీసినా ఇంజను వేగం తగ్గదు.

నా చేతులు వణికాయి. చిన్నాన్న లేవగానే, “నిన్న అబద్ధమాడాను. రెండవ కొస చూడలేదు” అన్నాను.

ఆయన కొంతసేపు మౌనంగా ఉండి, “ఇవాళ చూశావు గదా! కొత్త కేబులు షెడ్డు అలమారలో ఉంది” అన్నారు.

కార్బురేటర్ల వైపు బిగింపు మర వదులు చేసి, పెడలు వైపు గుండును తప్పించి, పాత కేబులును తీసివేశాను. కొత్తది అమర్చడానికి మధ్యాహ్నమైంది. కాలు తీసినప్పుడు పలకలు పూర్తిగా మూతపడేటట్లు కొద్దిపాటి వదులు ఉంచి, పెడలు అడుగంటా నొక్కినప్పుడు పూర్తిగా తెరచుకుంటున్నవో లేదో చూశాను. ఇంజను ఆపి ఉంచే పదిమార్లు నొక్కి వదిలాను. ప్రతిసారీ టక్కున మూతపడ్డాయి. అటు తరువాతనే చిన్నమ్మ కారెక్కింది.

ఆ తెగిన తీగ ముక్క నేటికీ నా బల్లపై ఉన్నది. పని ముగించి “చూశాను” అని చెప్పబోయే ముందు ఒకసారి దానివైపు చూస్తాను. చాలామార్లు ఆ మాటను మ్రింగి, మళ్ళీ పనిలోకి వంగుతాను.