ఫీజు సరే, మెస్ బిల్లో?

ఎండలు ముదిరాయంటే మన రెండు రాష్ట్రాల్లోనూ పలకరింపులు మారిపోతాయి. బాగున్నారా అని అడిగేవాళ్ళు తగ్గి, "మీవాడికి ర్యాంకెంత?" అనేవాళ్ళు ఎక్కువవుతారు. ఆ అంకె చెప్పీ చెప్పకముందే రెండో ప్రశ్న తయారు: "మరి ఎక్కడ వేస్తున్నారు?" అడిగినవాళ్ళకి జవాబు అక్కర్లేదు లెండి, సలహా జేబులోనే ఉంటుంది. "హైదరాబాద్ పంపించెయ్యండి, ఇక్కడేముంది?" అని కొందరు. "ఎదిగిన పిల్ల, కళ్ళముందుంటే మంచిది" అని కొందరు. నెలనెలా ఆ పిల్ల తిండికీ గదికీ ఎవరు కడతారన్న మాట మాత్రం ఇద్దరూ ఎత్తరు.

ఫీజు లెక్కలు మనవాళ్ళకి కంఠతా. వై.ఎస్. హయాంలో ఫీజు రీయింబర్స్‌మెంట్ మొదలైన దగ్గర్నుంచీ కూలికెళ్ళే ఆవిడ కూడా ఆర్‌టీఎఫ్ అంటే ట్యూషన్ ఫీజు, ఎంటీఎఫ్ అంటే మెయింటెనెన్స్ ఖర్చు అని గడగడా చెప్పేస్తుంది. తెలంగాణలో ఇంజనీరింగ్ ర్యాంకు పదివేల లోపుంటే ఫీజు మొత్తం, దాటితే బీసీ పిల్లలకి 35 వేలు, ఆ పైది మనం కట్టుకోవాలి. ప్రభుత్వం డబ్బు సమయానికి వెయ్యదు, కాలేజీలు బంద్ పెడతాయి, సర్టిఫికెట్లు ఆపుతాయి, ఆ గొడవలన్నీ ఉన్నాయి. అయినా కిందా మీదా పడి ఫీజు గట్టెక్కుతుంది. గట్టెక్కనిది మెస్ బిల్లు. ఆ మధ్య ఆంధ్రలో వసతి దీవెన అని డిగ్రీ, ఆపై చదువులవాళ్ళకి ఏడాదికి 20 వేలు తల్లి ఖాతాలో వేశారు. పది నెలలకి పంచితే నెలకి రెండు వేలు. రెండు వేలకి నెలంతా అన్నం పెట్టే మెస్ ఎక్కడైనా ఉంటే చెప్పండి, నేనూ చేరిపోతాను.

ఈ చిక్కు ఇవాళ్టిది కాదు. మన తాతల కాలంలో పల్లెనుంచి పట్నం వచ్చి చదివినవాళ్ళలో చాలామంది వారాలు చేసుకున్నవాళ్ళే. సోమవారం ఒకరింట్లో భోజనం, మంగళవారం ఇంకొకరింట్లో. ఏడు ఇళ్ళు కుదిరితే చదువు సాగినట్టే, ఆరే కుదిరితే వారానికో రోజు పస్తు. టంగుటూరి ప్రకాశం గారి తల్లి సుబ్బమ్మగారు భర్త పోయాక ఒంగోలులో పూటకూళ్ళ ఇల్లు నడిపి పిల్లల్ని పెంచారు. 1918లో హైదరాబాద్‌లో రెడ్డి హాస్టల్ పెట్టినవాళ్ళు కాలేజీ కట్టలేదు, చదువుకోడానికొచ్చిన పిల్లలకి గదీ భోజనమూ ఏర్పాటు చేశారు. తర్వాత ఊరూరా రకరకాల కులాలవాళ్ళు హాస్టళ్ళు కట్టుకున్నదీ అందుకే. ఆ ముద్ద అందరు పిల్లలకీ అందలేదనుకోండి, అది వేరే కథ.

మా వీధి చివర కిరాణా కొట్టాయనది అచ్చంగా ఇదే గొడవ. మాది తెనాలి. వాళ్ళమ్మాయికి వచ్చిన ర్యాంకుకి విశాఖపట్నంలో మంచి కాలేజీలో సీటు రావచ్చు. గుంటూరులో అయితే ఫరవాలేదనిపించే కాలేజీలో ఖాయం. వెబ్ ఆప్షన్లు పెట్టే ముందు రోజు నన్ను కేకేశాడు.

"మాస్టారూ, మీరే చెప్పండి. గుంటూరైతే పొద్దున బస్సెక్కితే సాయంత్రానికి ఇంట్లో ఉంటది. ఆడపిల్లలకి బస్సు కూడా ఫ్రీ చేశారు. వైజాగ్ అంటే హాస్టలు నెలకి ఏడు వేలు." అప్పుల చిట్టా పుస్తకం వెనక అట్ట మీద వేశాడు లెక్క. ఏడు పదులు డెబ్భై వేలు, నాలుగేళ్ళకి రెండు లక్షల ఎనభై వేలు. కింద రెండు గీతలు కొట్టాడు, ఇక మాట్లాడేదేం లేదన్నట్టు.

అమ్మాయి చక్కెర పొట్లాలు కడుతూనే అడిగింది: "ఇంట్లో ఉంటే నేను అన్నం తిననా నాన్నా?"

కొట్టు నడిపే మనిషికి ఆ మాట వెంటనే ఎక్కింది. ఇంట్లో పిల్ల తిండికి నెలకి మూడు వేలు వేసి తీసేశాడు. తేడా ఏడాదికి 40 వేలకి దిగింది. అయినా గుంటూరు వైపే మొగ్గుతున్నాడు. అప్పుడు పిల్ల ఇంకో మాట అంది. "గుంటూరు వెళ్ళొచ్చాక సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకా కొట్లో ఎవరు కూర్చుంటారో అదీ రాయి." ఆయన పెన్ను ఆగింది. ఇంటర్ రెండేళ్ళూ ఆ వేళ కొట్లో కూర్చున్నది ఆ పిల్లే మరి.

ఇంటినుంచి చదివించడం చౌక అని మనం అనుకునేది ఈ పద్దు రాయకపోవడం వల్లే. రానూపోనూ బస్సులో పోయే గంటలు, వచ్చాక వంటింట్లోనో కొట్లోనో పోయే గంటలు, చుట్టాలొస్తే మంచం ఖాళీ చేసి హాల్లో చాప వేసుకోవడం. మగపిల్లాడికి ఇవి కొంత తక్కువ, ఆడపిల్లకి నిండుగా ఉంటాయి. ఉచిత బస్సు తెలంగాణలో 2023 డిసెంబరులో, ఆంధ్రలో 2025 ఆగస్టులో వచ్చింది. దానివల్ల మండల కేంద్రం దాటని అమ్మాయిలు జిల్లా కేంద్రం కాలేజీకి వెళ్తున్నారు, సంతోషమే. "బస్సుందిగా, ఇంకా దూరం దేనికి?" అనడానికి కూడా అదే బస్సు పనికొస్తోంది. ఆ ఇంట్లోనే అన్నయ్య మాత్రం ఏ ర్యాంకొచ్చినా హైదరాబాదే.

అలాగని అందరూ పెట్టె సర్దుకోమని కాదు నేననేది. బీకాం చదవడానికి ఊళ్ళో నికరమైన కాలేజీ ఉండగా పట్నం పరిగెత్తనక్కర్లేదు. ఇక్కడి కాలేజీ, అక్కడి కాలేజీ ఒకే తానులో ముక్కలైనప్పుడు ఊరు మారినంత మాత్రాన చదువు మారదు. ఆ డబ్బు దాచి పీజీకి పంపండి. మారేది మేష్టార్లూ, ల్యాబులూ, పక్కన కూర్చునే పిల్లలూ అయితేనే అప్పు చేసినా తప్పులేదంటాను.

అసలు నా కోపం వేరే చోట ఉంది. మనవాళ్ళు ఇల్లు కదిలించడం పదిహేనేళ్ళకే మొదలుపెడతారు. పదో తరగతి కాగానే విజయవాడ చుట్టుపక్కలో, హైదరాబాద్‌లోనో ఇంటర్ హాస్టల్లో పడేస్తారు. తెల్లారకముందు స్టడీ అవర్, రాత్రి స్టడీ అవర్, ఆదివారం పరీక్ష, నెలకోసారి ఔటింగు. రెండేళ్ళకి లక్షలు పోసి, తీరా పద్దెనిమిదేళ్ళొచ్చి నిజంగా బయటి ప్రపంచం చూడాల్సినప్పుడు చేతులెత్తేస్తారు: "ఇంక మావల్ల కాదు, దగ్గర్లో ఏదుంటే అందులో చేరు." అమ్మ వంట కావలసిన వయసులో హాస్టలు, హాస్టలు కావలసిన వయసులో ఇల్లు! ఇంటర్ ఊళ్ళో చదివించి ఆ డబ్బు మిగిల్చి ఉంటే ఇప్పుడీ తర్జనభర్జన సగం ఉండేది కాదు.

కొట్టాయనకి ఆ అవస్థ లేదు, పిల్ల తెనాల్లోనే ఇంటర్ చదివింది. కావలసిందల్లా ఏడాదికి ఆ 40 వేలు. బ్యాంకులో అడగమన్నాను. చదువు అప్పులో ఫీజే కాదు, హాస్టలు, మెస్ ఖర్చు కూడా కలిపి అడగవచ్చని చాలామందికి తెలియదు. మామూలుగా నాలుగు లక్షల దాకా తాకట్టు అడగరు. చదువయ్యాక ఇంకో ఏడాది దాకా వాయిదాలు మొదలుకావు. వడ్డీ మాత్రం మొదటి రోజునుంచీ నడుస్తూనే ఉంటుంది. కుటుంబ ఆదాయం ఏడాదికి నాలుగున్నర లక్షల లోపుంటే వృత్తివిద్యా కోర్సులవాళ్ళకి ఆ వ్యవధి వడ్డీని కేంద్రం భరించే పథకం ఉంది. ఆదాయ ధ్రువపత్రం పట్టుకుని మేనేజర్ని గట్టిగా అడగాలి, వాళ్ళంతట వాళ్ళు చెప్పరు. అప్పు జోలికి వెళ్ళలేనివాళ్ళకి ప్రభుత్వ కాలేజీ హాస్టళ్ళున్నాయి. తెలంగాణలో సాంఘిక సంక్షేమ గురుకులాలవాళ్ళు 2016 నుంచి అమ్మాయిలకి డిగ్రీ కాలేజీలు నడుపుతున్నారు. అక్కడ చదువూ తిండీ గదీ అన్నీ కలిసే వస్తాయి.

విశాఖ కాలేజీలు పైనా, గుంటూరువి కిందా పెట్టి ఆప్షన్లు ఫ్రీజ్ చేశారు. విశాఖే వచ్చింది. సాయంత్రాలు కొట్లో ఇప్పుడు వాళ్ళ తమ్ముడు కూర్చుంటున్నాడు, తూకంలో కాస్త ఉదారంగా ఉంటున్నాడని వీధిలో మంచి పేరు.

మీరూ పంపేటట్టయితే హాస్టలు ఫోటోలు చూసి డబ్బు కట్టకండి. వెళ్ళి చూడండి, అదీ రాత్రి భోజనం వేళకి. ఎంతమందికి ఒక బాత్రూమో లెక్కపెట్టండి. ఓనరుని కాదు, చారు పోసుకుంటున్న పిల్లల్ని అడగండి పప్పెలా ఉందని. ఖాళీ చేసేటప్పుడు అడ్వాన్సులో మెయింటెనెన్స్ కింద ఎంత కోస్తారో రసీదు మీద రాయించుకోండి. రాయనంటే లేచి రండి. అమీర్‌పేటలోనైనా, దిల్‌సుఖ్‌నగర్‌లోనైనా పక్క గుమ్మం ఇంకో హాస్టలే.