రింగ్ వచ్చింది, మాట రాలేదు

భీమవరం దాటాక చెరువుల మధ్యలో ఉంది ఆ రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటు. గుమ్మంలోనే చెప్పులు విప్పించి గమ్‌బూట్లు తొడిగించారు, నెత్తికి టోపీ పెట్టారు. ఫోన్ల పని చూద్దామని వచ్చినవాడికి ఈ వేషం దేనికో లోపలికి వెళ్తే గానీ తెలియలేదు. ఫ్రీజర్ గదుల గోడలన్నీ ఫోమ్ నింపిన రేకు పలకలు. చలిని బయటికి పోనివ్వని ఆ గోడలు సెల్ సిగ్నల్‌నూ లోపలికి రానివ్వవు. కంటైనర్‌లోకి ఎన్ని కార్టన్లు ఎక్కాయో విశాఖలోని షిప్పింగ్ ఏజెంటుకు చెప్పాలంటే సూపర్‌వైజరు ప్రతిసారీ బయటికి పరుగెత్తాలి. పైగా ఎవరి సొంత సెల్ వాళ్లదే. మనిషి ఉద్యోగం మానేస్తే నంబర్లూ అతని వెంటే పోతాయి.

అందుకే రెండు కంపెనీలూ తమ ఎక్స్ఛేంజిలను ఇంటర్నెట్ మీద నేరుగా కలుపుకోవాలనుకున్నాయి. మధ్యలో టెలిఫోన్ కంపెనీ ఉండదు. ఫ్రీజర్ గుమ్మం దగ్గరి ఫోన్‌లో నాలుగంకెలు నొక్కితే విశాఖలో డాక్యుమెంట్ల బల్ల మీద మోగాలి.

ఆఫీసు మూల గదిలో చిన్న కంప్యూటర్ పెట్టెలో ఆస్టరిస్క్ నడుస్తోంది. 1999లో మార్క్ స్పెన్సర్ అనే అమెరికన్ కుర్రాడు, ఎక్స్ఛేంజి కొనే స్తోమత లేక తన కోసం రాసుకున్న సాఫ్ట్‌వేర్ అది. ఇప్పటికీ ఉచితమే. బయటి కాల్స్ కోసం పాత పీఆర్ఐ లైనును అలాగే ఉంచారు. దాని మీద ఒకేసారి 30 కాల్స్ వెళ్తాయి.

విజయవాడ నుంచి వచ్చిన ఇంజినీరమ్మాయి మొదటి కాల్ కలిపింది. విశాఖలో రింగయింది, ఎత్తారు. ఇక్కడ మాత్రం నిశ్శబ్దం. "హలో, హలో" అంటుండగానే మేనేజరు గారి సెల్ మోగింది. అవతలి ఆఫీసాయనే: "మీ మాట శుభ్రంగా వినిపిస్తోందండీ, మాదే మీకు చేరట్లేదు."

"రింగొచ్చింది కదమ్మా, ఇంకేం?" అన్నారు మేనేజరు గారు అయోమయంగా.

అసలు కిటుకు అక్కడే ఉంది. కాల్ కలిపేది సిప్ అనే పద్ధతి, మాటను మోసేది ఆర్‌టీపీ అనే మరో పద్ధతి. సిప్ పెళ్లిళ్ల పేరయ్య లాంటిది: ఇరువైపుల చిరునామాలూ ఇచ్చిపుచ్చుకునేలా చేసి తప్పుకుంటుంది, కాపురంతో దానికి పని లేదు. అమ్మాయి స్క్రీన్ మీద ఆ రాయబారాన్నంతా చూపించింది: ఇన్వైట్, ట్రయింగ్, రింగింగ్, ఓకే, ఆక్. అన్నీ వరుసగా ఉన్నాయి. ఇన్వైట్‌ను తెరిచి ఒక వరుస మీద వేలు పెట్టింది. మాట ఎక్కడికి పంపాలో చెప్పే ఆ చిరునామా 192.168తో మొదలవుతోంది. అది ప్లాంటు నాలుగు గోడల మధ్యే చెల్లే నంబరు. విశాఖ నుంచి దానికి దారెక్కడిది?

ఆ అమ్మాయి ఆస్టరిస్క్‌కు ప్లాంటు బయటి చిరునామా ఏమిటో చెప్పింది. రౌటర్‌లో సిప్ ఏఎల్‌జీ అనే మీటను ఆపేసింది. చిరునామాలు సరిదిద్దుతానంటూ ఉన్నవాటిని కూడా చెడగొట్టే సదుపాయం అది. మాటకు 10000 నుంచి 20000 వరకు పోర్టులు వదిలింది, అవీ విశాఖ ఆఫీసు నెట్ చిరునామాకు, అంటే ఐపీకి మాత్రమే. రెండోసారి ఇటూ అటూ మాట వచ్చింది, కానీ ముక్కలు ముక్కలుగా.

నెట్ వేగం చాలదేమోనని అందరం అనుకున్నాం. లెక్క చూస్తే ఆ మాట నిలవదు. జీ.711 పద్ధతిలో మాటకు కావాల్సింది సెకనుకు 64 కిలోబిట్లు. సెకనుకు 50 ప్యాకెట్లు, వాటి పైతొడుగులూ కలిపితే ఒక్కో వైపు 80 అవుతుంది. పది కాల్స్ ఒకేసారి నడిచినా ఒక మెగాబిట్ నిండదు. అసలు దోషం వేరే. సీసీ కెమెరాలు వీడియోను ఎక్కడో సర్వర్‌కు ఎక్కిస్తూ వెళ్లే దారంతా ఆక్రమించుకున్నాయి. రౌటర్‌లో మాటకు మొదటి వరుస ఇచ్చాక తేటపడింది. వెబ్ పేజీ అరసెకను ఆలస్యమైతే ఎవరూ పట్టించుకోరు. మాట ఆలస్యం మాత్రం ఒకవైపు 150 మిల్లీసెకన్లు మించకూడదని అంతర్జాతీయ టెలికాం సంస్థ సూచన. అది దాటేకొద్దీ ఒకరి మాటకు ఒకరు అడ్డం పడతారు.

లాగ్ చూపించమన్నాను. 5060 పోర్టు కాసేపు తెరిచి ఉన్నందుకే ఎవరెవరో 100, 101, 1000 అంటూ ఎక్స్‌టెన్షన్లు తట్టి చూస్తున్నారు. పాస్‌వర్డు దొరికితే విదేశాలకు కాల్స్ చేసుకుని బిల్లు మన నెత్తిన వేసే బాపతు. ఇక్కడ పీఆర్ఐ ఉంది కాబట్టి ఆ భయం నిజమైనదే. చిన్న కంపెనీలు ఈ తలుపును అలాగే వదిలేయడం చాలాచోట్ల చూశాను. ఈ అమ్మాయి వదల్లేదు. సిప్‌ను టీఎల్ఎస్ అనే గుప్త పద్ధతిలోకి మార్చి, మాటను కూడా ఎన్‌క్రిప్ట్ చేయాల్సిందేనంది. కొనుగోలుదారు రేట్లు ఈ లైను మీదే చెప్పుకుంటారు మరి.

అంతా అయ్యాక మేనేజరు గారికి ఓ ఆలోచన తట్టింది. "అమెరికాలో మనవాళ్లు నెట్ మీద ఇక్కడికి చేస్తే, మన పీఆర్ఐ మీంచి ఊళ్లో సెల్‌ఫోన్లకు కలిపేయొచ్చా అమ్మా?"

"వద్దు సార్, లైసెన్సు లేకుండా అలా మళ్లిస్తే కేసవుతుంది" అందామె తల ఎత్తకుండానే. విదేశీ కాల్స్‌ను దొంగచాటుగా ఇక్కడి సిమ్‌ల మీదికి మళ్లించే సిమ్ బాక్సులతో పట్టుబడినవాళ్ల వార్తలు ఆయనా చదివే ఉంటారు, మళ్లీ అడగలేదు.

ఇక మిగిలింది స్టాటిక్ ఐపీ, అంటే ఊరికే మారిపోని నెట్ చిరునామా. విశాఖ వాళ్ల నంబరు మారిన రోజున ఇక్కడి ఫైర్‌వాల్ వాళ్లనే బయట నిలబెడుతుంది. మారితే ఒకరోజు ముందే మెయిల్ చేయాలన్న షరతుకు ఇరువైపులా ఒప్పుకున్నారు. ఆ ఐపీకి ఏటా కట్టే అద్దె ఎవరిదన్న దగ్గర మాత్రం, కొత్త లైను మీదే, బేరం మొదలైంది.