మాధవరం నుంచి అడయారు దాకా: ఒక క్యాన్సర్ శస్త్రవైద్యుని వృత్తిధర్మం

కర్నూలు జిల్లా పశ్చిమాన మంత్రాలయం మండలంలో ఉన్న మాధవరం గ్రామాన్ని, రాఘవేంద్రస్వామి బృందావనానికి శిలనిచ్చిన ఊరుగా సంప్రదాయం చెప్పుకుంటుంది. ఆదోని పత్తి మార్కెట్‌కూ ఎమ్మిగనూరు మగ్గాలకూ పేరుపడిన ఈ ప్రాంతంలో వర్షాధారపు సేద్యం ఏడాది పొడవునా కూలి ఇవ్వదు కనుక, పొలం పనులు ముగియగానే ఎన్నో కుటుంబాలు గుంటూరు వైపు మిరప కోతలకు తరలిపోతాయి. దీనినే ఇక్కడి జనం సుగ్గికి పోవడమంటారు. క్యాన్సర్ చికిత్సను గురించిన పరిశీలనకు ఈ ఊరిని ప్రారంభస్థానంగా తీసుకోవడానికి కారణం ఈ సుగ్గియే, ఎందుకంటే ఈ వ్యాధికి చికిత్స డబ్బుతో పాటు వారాల తరబడి కాలాన్ని కూడా అడుగుతుంది.

మంత్రాలయం రోడ్డు, ఆదోని స్టేషన్ల మీదుగా సాగే ముంబయి–చెన్నై రైలుమార్గానికి ఒక కొసన 1941లో ప్రారంభమైన టాటా మెమోరియల్ ఆసుపత్రి, మరొక కొసన 1954లో పని మొదలుపెట్టిన చెన్నైలోని అడయారు క్యాన్సర్ సంస్థ ఉన్నాయి. అడయారు సంస్థకు గాంధీనగర్‌లో ఉన్న పాత ప్రాంగణంలోనూ, సర్దార్ పటేల్ రోడ్డు పక్కనున్న ప్రాంగణంలోనూ అడుగుపెట్టిన సందర్శకునికి తమిళంతో పాటు తెలుగు కూడా వినిపిస్తుంది. రాయలసీమ నుంచి అడయారుకు వెళ్లే రోగుల బాట దశాబ్దాల నాటిది.

ఈ సంస్థకు బీజం వేసినది డాక్టర్ ముత్తులక్ష్మి రెడ్డి. 1923లో సోదరిని క్యాన్సర్‌కు పోగొట్టుకున్న ఆమె, ఈ వ్యాధికి ప్రత్యేక ఆసుపత్రి ఉండాలన్న సంకల్పాన్ని విమెన్స్ ఇండియన్ అసోసియేషన్ అనే మహిళా సంఘం ద్వారా సాధించారు. 1952లో జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేయగా, 1954 జూన్‌లో 12 పడకలతో వైద్యం ఆరంభమైంది. క్యాన్సర్ అంటే చావేనని, దానికి వేరే ఆసుపత్రి దండగని చదువుకున్నవారు సైతం భావించిన ఆ రోజుల్లో, అమెరికాలో శిక్షణ పొంది వచ్చిన ఆమె కుమారుడు డాక్టర్ ఎస్. కృష్ణమూర్తి శస్త్రవైద్యుడిగా ఆ భారాన్ని తలకెత్తుకున్నారు. 1955 ఏప్రిల్‌లో డాక్టర్ వి. శాంత, పబ్లిక్ సర్వీస్ కమిషన్ ద్వారా లభించిన ప్రభుత్వోద్యోగాన్ని కాదని, నెలకు 200 రూపాయల జీతానికి, ప్రాంగణంలోనే నివాసానికి అంగీకరించి ఆయనతో చేరారు.

కృష్ణమూర్తి వృత్తిధర్మంలో మొదట చెప్పవలసినది, శస్త్రవైద్యుడై ఉండి కూడా శస్త్రమే సర్వస్వమని ఆయన అనుకోకపోవడం. కణితిని కోసి తీసే శస్త్రచికిత్స, శక్తిమంతమైన కిరణాలతో క్యాన్సర్ కణాలను నాశనం చేసే రేడియేషన్, మందుల ద్వారా శరీరమంతటా వాటిని వెంటాడే కీమోథెరపీ అనే మూడింటిలో ఏ రోగికి ఏది, ఏ వరుసలో అవసరమో వేర్వేరు నిపుణులు కలిసి నిర్ణయించే విధానానికి బహుళ చికిత్సా పద్ధతి అని పేరు. భారతదేశంలో దీనికి బాట వేసిన సంస్థలలో అడయారు ముఖ్యమైనది. కెనడా సహాయంతో 1957లో ఇక్కడ నెలకొన్న కోబాల్ట్ యంత్రం, అంటే రేడియోధార్మిక కోబాల్ట్ నుంచి వెలువడే గామా కిరణాలను దేహం లోపలి కణితిపైకి గురిపెట్టే సాధనం, ఆసియాలోనే తొలి యంత్రాలలో ఒకటి. తన చేతిలో కత్తి ఉండగా, ఈ రోగికి కత్తి అవసరం లేదని చెప్పగలగడానికి నైపుణ్యం కంటే నిజాయితీ ఎక్కువ కావాలి. నోటి క్యాన్సర్‌లోనూ గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌లోనూ ఈ మాట రోగి జీవితాన్నే మార్చివేస్తుంది.

రెండవది డబ్బుకు సంబంధించినది. సంస్థ వైద్యులు ప్రైవేటు ప్రాక్టీసు చేయకుండా పూర్తికాలం అక్కడే పనిచేయడం, చెల్లించగలిగిన వారి నుంచి తీసుకుని చెల్లించలేనివారికి ఉచితంగానో తక్కువ ఖర్చుతోనో వైద్యం చేయడం తొలినాళ్ల నుంచీ కొనసాగాయి. ఎక్కువ కోస్తే ఎక్కువ రాబడి వచ్చే ఏర్పాటు నుంచి వైద్యుని నిర్ణయాన్ని విడదీయడమే దీనిలోని అసలు గొప్పతనం. 1984లో క్యాన్సర్ శస్త్రచికిత్సలో ఎం.సిహెచ్. అనే ఉన్నత పట్టాకు శిక్షణ ఇక్కడ ప్రారంభం కావడంతో, ఈ పద్ధతిలో తయారైన వైద్యులు ఇతర ప్రాంతాలకూ వెళ్లారు. కృష్ణమూర్తి 2010లోనూ, శాంత 2021లోనూ కన్నుమూశారు.

చికిత్స ముగిసిన రోగి బతికి ఉన్నాడా, వ్యాధి తిరగబెట్టిందా అని ఏళ్ల తరబడి ఉత్తరాల ద్వారా, ఇంటికి వెళ్లి విచారించడం ద్వారా తెలుసుకునే పని కూడా ఈ సంస్థలో వైద్యంలో భాగమే. మాధవరం వంటి ఊళ్లకు అన్నిటికంటే అవసరమైనది ఇదే, ఎందుకంటే అక్కడివారికి చికిత్సను పూర్తి చేయడమే కష్టం. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు రేడియేషన్ సాధారణంగా వారానికి అయిదు రోజుల చొప్పున అయిదారు వారాలు సాగుతుంది. ఆ వారాలు సుగ్గి రోజుల్లో పడితే కుటుంబానికి ఏడాది ఆదాయంలో పెద్ద భాగం పోతుంది, మధ్యలో ఆపితే వ్యాధి తిరిగి వచ్చే ప్రమాదం పెరుగుతుంది. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ వంటి పథకం ఆసుపత్రి ఖర్చును భరించగలదు గాని, పోయిన కూలిని తిరిగి ఇవ్వలేదు. కర్నూలు వైద్యకళాశాల ప్రాంగణంలో రాష్ట్ర క్యాన్సర్ సంస్థ ఏర్పడటం దూరాన్ని తగ్గించే మేలైన పని. చికిత్స కాలంలో రోగికీ తోడుండేవారికీ బస, కూలి భత్యం కూడా ప్రభుత్వం సమకూర్చాలి.

ఈలోగా, ముప్పై ఏళ్లు దాటిన ప్రతి స్త్రీ గర్భాశయ ముఖద్వార పరీక్ష చేయించుకోవాలి. పొగాకు నమిలేవారు నోటిలో మానని పుండుగానీ తెల్లమచ్చగానీ కనబడితే సుగ్గికి బయలుదేరక ముందే వైద్యునికి చూపించుకోవాలి. ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతాల పాఠకులు ఈ మాటను చదవలేని తమ ఇంటి పెద్దలకు చెప్పి, వారిని వెంటబెట్టుకుని వెళ్లవలసిందిగా మనవి.