వెన్నులో సూది అంటే భయమెందుకు?

కొంచెం పెద్ద పోస్టు, ఓపికతో చదవండి.

మా ఎల్లారెడ్డి దిక్కు తండాల్లో ఒక మాట పాతుకుపోయింది: వెన్నులో సూది వేస్తే కాళ్లు పడిపోతయని. మేము కామారెడ్డి హాస్టల్లో ఉండి డిగ్రీ చదివే ముగ్గురం. మా ఇళ్లల్లో కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. అందుకే తండాలో ఎవరికి ఆసుపత్రి కాగితం వచ్చినా మాకే ఫోన్ వస్తది.

పోయిన ఏడాది మా తండాలో ఆరేళ్ల పిలగానికి బ్లడ్ క్యాన్సర్ అని తేలింది. హైదరాబాద్‌లో నెల రోజుల వైద్యంతో జ్వరం పోయింది, మళ్లీ ఆటలు మొదలుపెట్టిండు. అప్పుడు వాళ్ల నాయన, మా కాకా, అడిగిండు: "పిలగాడు మంచిగనే తిరుగుతుండు గదా, ఇంకా వెన్నుల సూదులెందుకు బిడ్డా? రేపు కాళ్లు పడిపోతే ఎవరు జూస్తరు?"

ఈ మాటే తీసుకపోయి డాక్టరమ్మను అడిగినం. ఆమె చెప్పింది ఇది. మెదడు, వెన్నుపాము చుట్టూ ఒక నీరు ఉంటది. రక్తంలోకి ఎక్కించే చాలా మందులు అక్కడికి సరిగా చేరవు, మెదడును కాపాడే అడ్డుగోడ ఆపుతది. క్యాన్సర్ కణాలు మాత్రం అక్కడ దాక్కోగలవు. రక్తపరీక్ష బాగున్నా, పిల్లవాడు ఆడుకుంటున్నా, రోగం అక్కడి నుంచే తిరగబెట్టొచ్చు. అందుకే నడుము కింది ఎముకల సందులో సన్న సూదితో కొంచెం నీరు తీసి చూస్తరు. అదే సూదితో మెథోట్రెక్సేట్ మందు ఎక్కిస్తరు. వెన్నుపాము అంతకంటే పైనే ఆగిపోతది, సూది దిగేది దాని కింద. ఒకటి రెండు రోజులు తలనొప్పి, నడుము నొప్పి ఉండొచ్చు. పెద్ద ప్రమాదం చాలా అరుదు.

ఫైలులో సీఎన్‌ఎస్ 1, 2, 3 అని రాస్తరు. నీటిలో క్యాన్సర్ కణాలు లేకపోతే 1. అవి కనబడి, మైక్రోలీటరుకు తెల్లకణాలు 5 కంటే తక్కువుంటే 2, 5 లేదా అంతకంటే ఎక్కువుంటే 3. దాన్ని బట్టి సూదులు, మందులు పెంచుతరు. మైక్రోస్కోపుకు దొరకని కొద్ది కణాలను కూడా ఫ్లో సైటోమెట్రీ పరీక్ష పట్టగలదు.

ఈ వైద్యం వెనక మన తెలుగు మనిషి ఉన్నడు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి బృందం అమెరికాలో తయారుచేసిన అమినోప్టెరిన్‌తో పిల్లలు తేరుకున్నరని 1948లో బోస్టన్ డాక్టర్ సిడ్నీ ఫార్బర్ ప్రకటించిండు. మెథోట్రెక్సేట్ దాని తోబుట్టువే. కానీ కొన్ని నెలలకే రోగం తిరగబెట్టేది. తర్వాత మందులు పెరిగి పిల్లలు ఎక్కువకాలం బతికితే, చాలామందికి మెదడు నుంచే తిరిగొచ్చింది. 1960లలో మెంఫిస్‌లో డొనాల్డ్ పింకెల్ మెదడుకు కూడా ముందుగానే వైద్యం కలిపినంకనే దాదాపు సగం మంది పూర్తిగా బాగైనరు.

కాకా అంతా విని, "అంటే పాము పోలేదు, పుట్టలో ఉందేమో చూసుకోవాలె అన్నట్టు" అన్నడు. ఆ తేదీకి పిలగాన్ని తీసుకపోయిండు. నీటిలో కణాలు కనబడలేదు. వైద్యం ఇంకా నడుస్తుంది, మొత్తం రెండేళ్లు దాటుతది.

మీ తండాలో ఇట్లాంటి పిల్లలుంటే సూది తేదీ తప్పనీయకండి. తలనొప్పి, పొద్దున్నే వాంతులు, ఒకటి రెండుగా కనబడటం, మూతి వంకర పోవటం లాంటివి వస్తే తేదీ దాకా ఆగకుండా అదే రోజు తీసుకపోండి. ఫైలు చదివి చెప్పే మనిషి కావాలంటే కింద రాయండి, కామారెడ్డిలో ఉన్న మేము వస్తం.