ఇంద్రకీలాద్రిపై కనకదుర్గ

విజయవాడలో రైలు దిగిన యాత్రికురాలికి మొదట వినవచ్చునది అమ్మవారి గుడిగంట కాదు. ఆటోలవారి కేకలు, బస్సుల మోతలు. నాలుగు దిక్కుల రైలుమార్గములును కలియు కూడలి యగుటచే ఈ పట్టణమునకు నిద్ర యనునది లేదు. ఈ సందడి నడుమనే, కృష్ణ యొడ్డున, ఇంద్రకీలాద్రి నిలిచియున్నది.

సంక్రాంతి సెలవులలో మావారికి బడి లేనందున, అత్తగారిని తోడ్కొని మేము పోయితిమి. ఆమె కన్నులు రెండింట శుక్లములు ముదిరియున్నవి. నెల తిరుగకుండ శస్త్రచికిత్సకు దినము నిర్ణయమైనది. "కన్ను వస్తుందో పోతుందో! ముందు అమ్మను చూస్తాను" అని పట్టుపట్టిరి. బండ్లు పోవు ఘాటురోడ్డు ఉన్నను మెట్లదారినే కోరిరి.

మ్రొక్కున్న స్త్రీలు ఇచట మెట్టుమెట్టునకు పసుపు పూసి కుంకుమబొట్లు పెట్టుదురు. అత్తగారు చేతితో తడవి, "ఇక్కడ తడి ఆరలేదు, ఎవరో ఇప్పుడే వెళ్ళారు" అనుచు ఎక్కిరి. గంటకు పైగా పట్టినది. మాకది విసుగు కాలేదు.

కీలుడను భక్తుని కోరికపై అమ్మవారు ఈ కొండపై వెలసినదనియు, అర్జునుడు ఇచ్చటనే పాశుపతమునకై తపస్సు చేసెననియు స్థలపురాణము. భారవి వర్ణించిన ఇంద్రకీలము హిమవత్ప్రాంతమునందలిది కదా యని మావారు మెల్లగా అనిరి. మెట్లపై ఆ చర్చ మాకు రుచింపలేదు. మాకు ప్రియమైన సంగతి వేఱొకటి కలదు. ఈ ఊరి మల్లేశ్వరాలయపు స్తంభముపై యుద్ధమల్లుని శాసనము నన్నయకు పూర్వపుది, మధ్యాక్కర పద్యములలో నున్నది. కుమారస్వామి గుడిని గూర్చినది. మా తండ్రిగారు మాకు అక్కరల గణములు చెప్పునపుడు దీని పేరు తలచెడివారు.

అమ్మవారు ఎనిమిది చేతుల మహిషాసురమర్దిని. వరుస ఆగదు, సన్నిధిని నిలుచుట రెప్పపాటే. అత్తగారికి దీపముల మెఱుపు తప్ప వేఱొకటి కానరాలేదు. "ముక్కెర కనిపిస్తోందా అమ్మాయీ? చీర ఏ రంగు?" అని మా చెవిలో అడిగిరి. ఎఱ్ఱచీర, చామంతిదండ, కనుల తీరు, మేము చెప్పుచుండగనే వెనుకటి జనము మమ్ము ముందునకు నెట్టినది. మాట సగములోనే నిలిచినది. వెలుపల మండపమున కూర్చుండబెట్టి తక్కినది చెప్పితిమి. రెండుమార్లు చెప్పించుకొనిరి.

పైనుండి చూచిన ప్రకాశం ఆనకట్ట 70 తలుపులతో ఏటికి అడ్డముగా సాగియున్నది. 1855 నాటి పాత ఆనకట్టకు మాఱుగా ఇది 1957లో పూర్తియైనది. సోదరీమణులారా, దసరాలో, ముఖ్యముగా అమ్మవారిని సరస్వతిగా అలంకరించు మూలానక్షత్రమునాడు, జనసమ్మర్దము చెప్పనలవి కాదు. వృద్ధులను తోడ్కొని పోవువారు సామాన్యదినములనే ఎన్నుకొనుట మేలు.

క్రిందికి దిగి గాజులంగడి చేరితిమి. అత్తగారు ఆకుపచ్చవి అడిగి, వేళ్ళతో నునుపు చూచి డజను కొనిరి. తొడిగింపబోగా వలదని కొంగున ముడి వేసికొనిరి. "కట్టు విప్పాక రంగు నేనే చూసుకుని తొడుక్కుంటాను. అంగడివాడు పచ్చవే ఇచ్చాడో లేదో!"