అతిథులూ... కొద్దికొద్దిగా రండి!

'రండి బాబూ రండి' అంటూ ప్రపంచ దేశాలన్నీ పర్యటకుల కోసం పోటీపడుతుంటాయి. హిమాలయాల ఒడిలోని ఓ బుల్లి దేశం మాత్రం 'రండి, కానీ కొద్దిమందే రండి' అంటుంది. వచ్చినవారి నుంచి రోజుకింత అని రుసుమూ వసూలు చేస్తుంది. అదే భూటాన్.

1974లో జిగ్మే సింగే వాంగ్‌చుక్ పట్టాభిషేకానికి ప్రపంచం నలుమూలల నుంచీ అతిథులు వచ్చారు. వాళ్లకోసం కట్టిన విడిది గృహాలే ఆ తర్వాత హోటళ్లయ్యాయి. అలా మొదలైంది భూటాన్ పర్యటకం. ఆ ఏడాది వచ్చిన విదేశీ పర్యటకులు 287 మంది. అప్పటి నుంచీ ఆ దేశానిది ఒకటే సూత్రం... మంది తక్కువ, రాబడి ఎక్కువ. విదేశీయులు రోజుకు ఇంతకు తగ్గకుండా ఖర్చుపెట్టాల్సిందేనని ఏళ్లతరబడి నిబంధన ఉండేది. అందులోంచి 65 డాలర్లు సర్కారు ఖజానాకు వెళ్లేవి. ఉచిత వైద్యం, ఉచిత చదువు లాంటివాటికి ఆ సొమ్మూ ఓ ఆసరా.

కొండలెక్కితే ఊరుకోరు!

అక్కడి జనానికి మంచుకొండలంటే దేవతల నివాసాలు. అందుకే 1994లో 6 వేల మీటర్లు దాటిన శిఖరాలను ఎక్కడాన్ని నిషేధించారు. 2003లో పర్వతారోహణనే పూర్తిగా ఆపేశారు. దాంతో 7,570 మీటర్ల గాంఖర్ పుయెన్సుమ్ శిఖరం మీద ఇప్పటికీ మనిషి అడుగు పడలేదు. ఎవరూ ఎక్కని పర్వతాల్లో ప్రపంచంలోకెల్లా ఎత్తయినది అదే!

అడవుల విషయంలోనూ అంతే పట్టుదల. దేశంలో కనీసం 60 శాతం భూమి ఎప్పటికీ అడవిగానే ఉండాలని 2008లో రాజ్యాంగంలోనే రాసుకున్నారు. ఫోబ్జిఖా లోయకు ఏటా చలికాలంలో టిబెట్ వైపు నుంచి నల్లమెడ కొంగలు వస్తాయి. కరెంటు తీగలు తగిలి అవి చనిపోకూడదని ఆ లోయలో తీగల్ని నేలలోంచి వేశారు. నవంబరు 11న కొంగలకోసం ఏకంగా పండగే చేస్తారు. వాటిని చూడ్డానికి వచ్చినవారికి కొన్ని ఇళ్లలోనే బస, భోజనం. ఎర్రబియ్యం అన్నం, పచ్చిమిరపకాయల్ని జున్నుతో ఉడికించే 'ఎమదత్షి' వడ్డిస్తారు. మన గుంటూరువాళ్లకి ఆ కూర తెగ నచ్చేస్తుంది!

అయినా తిప్పలే!

ఇంత జాగ్రత్తపడినా రద్దీ పెరిగింది. 2019లో వచ్చినవారు 3 లక్షల 15 వేల పైచిలుకు. అందులో 2 లక్షలకు పైగా మనవాళ్లే. అప్పట్లో భారతీయులకు రుసుము లేదు మరి. ఆ ఏడాదే దోచులా కనుమ దగ్గర ఓ భారతీయ పర్యటకుడు ఫొటో కోసం నిచ్చెన వేసుకుని పవిత్ర స్తూపం మీదికెక్కాడు. భూటాన్ వాసుల మనసు చివుక్కుమంది. 2020లో చేసిన చట్టంతో మనకూ రోజుకు 1200 రూపాయల రుసుము ఖరారైంది.

కరోనాతో మూసిన తలుపులు 2022 సెప్టెంబరు 23న తెరుచుకున్నాయి. ఈసారి మిగతా విదేశీయులకు రుసుము ఏకంగా రోజుకు 200 డాలర్లు. అడవులు, లోయలు ఊపిరి పీల్చుకుంటాయనుకుంటే... మనుషులకు ఊపిరాడలేదు. హోటళ్లు ఖాళీ. గైడ్లకు, డ్రైవర్లకు, చేతివృత్తులవాళ్లకు పని లేదు. అసలే కుర్రకారు ఆస్ట్రేలియా బాట పడుతున్న కాలం. 'కొండల్ని కాపాడుకోవాలి సరే, మా కడుపు సంగతేంటి' అన్న ప్రశ్న వచ్చింది. చివరికి 2023 సెప్టెంబరులో రుసుమును సగానికి, అంటే 100 డాలర్లకు తగ్గించారు. 2027 ఆగస్టు వరకూ అదే ఉంటుందని ప్రకటించారు.

పచ్చదనం నిలవాలి, దాన్ని నమ్ముకున్నవాళ్లూ నిలవాలి. ఆ రెంటి మధ్యా తూకం ఎక్కడన్నది భూటాన్ ఇంకా వెతుక్కుంటూనే ఉంది.

మనం వెళ్లాలంటే...

మనకు వీసా అక్కర్లేదు. పాస్‌పోర్టు లేదా ఓటరు కార్డు చూపించి పర్మిట్ తీసుకుంటే చాలు. బాగ్‌డోగ్రా దాకా విమానంలో వెళ్లి, అక్కణ్నుంచి రోడ్డుమార్గంలో జైగావ్ మీదుగా సరిహద్దు పట్టణం ఫుయెన్‌షోలింగ్ చేరొచ్చు. భూటాన్ కరెన్సీ న్గుల్‌ట్రమ్, మన రూపాయి ఒకే విలువ. ఆరేళ్లలోపు పిల్లలకు రుసుము లేదు.

పారోలో కొండకొమ్మున వేలాడుతున్నట్టుండే తక్‌త్సాంగ్ మఠాన్ని చూడకుండా ఎవరూ తిరిగిరారు. రోప్‌వే లేదు, రోడ్డూ లేదు. రెండుమూడు గంటలు నడిచి ఎక్కాల్సిందే. తీరా పైకెళ్లాక కెమెరా, సెల్‌ఫోన్ బయటే పెట్టి లోపలికెళ్లాలి. ఫొటో లేకపోతేనేం... చూసింది కళ్లలో ఉండిపోతుంది. భూటాన్ అతిథుల్ని కోరేదీ అంతే!